కవచం కొలతలు

ఆ శుక్రవారం పొద్దున మహేశ్వరి పెట్టుకున్న పని ఒక్కటే: ఆదివారానికి జాకెట్టు కుట్టించుకోవడం. ఆమె భర్త వీరభద్ర కర్నూలులో ముప్పై నాలుగేళ్ళు ఇంజనీరు ఆఫీసులో పనిచేసి రిటైరవుతున్నాడు. ఆదివారం సన్మానం. ఆయన పక్కన వేదిక మీద ఆమె కూడా కూర్చోవాలి. గుడ్డ ముందురోజే టైలరు యశోదకు ఇచ్చి వచ్చింది. ఇక ఫోటో పంపడమే మిగిలింది.

“శ్రావణీ, ఆ మోచేతుల దాకా చేతులుండే జాకెట్టు ఫోటో యశోదకు పంపవే. ముందూ వెనకా రెండూ కనపడల్ల.”

కూతురు శ్రావణి ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఆ పిల్ల హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటినుంచే వీడియో ఆటల బొమ్మలు గీస్తుంది. ఇప్పుడు గీసింది ఒక వీరనారిని. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు భంగిమలు. కత్తి ఆరడుగులు, కవచం రెండు జానలు. అలా గీయమన్నది ఆమె పై అధికారి జయరాజ్. ఆట మాత్రం పన్నెండేళ్ళు నిండిన పిల్లలకని ప్రకటించాలట. ‘ఈ బొమ్మ ఆ వయసుకు తగినదే’ అని గీసినవాళ్ళే సంతకం చేయాలి. శ్రావణి వారంగా చేయడం లేదు. ఒళ్ళంతా కవచమున్న ఇంకో బొమ్మ గీసి చూపితే, ఆయన దాన్ని తెరిచైనా చూడలేదు. ఈ సాయంత్రంలోగా సంతకం రాకపోతే సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు.

“పంపినాలేమ్మా,” అంది శ్రావణి కాసేపటికి. పంపింది నిజమే. ఫోన్లో జాకెట్టు ఫోటో పక్కనే వీరనారి ఉంది. వేలు ఆమె మీద పడింది.

యశోదకు ఒక పద్ధతి ఉంది. ఫోన్లో వచ్చిన ఫోటోను పక్క జిరాక్సు షాపులో అచ్చు తీయించి, పైన పేరు రాసి, మిషను ముందు గోడకు క్లిప్పు పెడుతుంది. ఆ రోజు అచ్చును తిప్పి తిప్పి చూసింది. వేరే ఎవరైనా అయితే అడిగేసేదే. కానీ మెడ అర అంగుళం దిగిందని జాకెట్టును మూడుసార్లు వెనక్కి పంపిన మనిషి మహేశ్వరి. చివరికి ధైర్యం చేసి ఫోన్ చేసింది.

“అక్కా, ఫోటో చూసినా. మీరిచ్చిన గుడ్డ శానా మిగులుతాది.”

“మిగల్నీలే.”

“భుజాల మీద అదేందో మెరుస్తాండాది. అదీ కావాల్నా?”

మహేశ్వరి జరీ అంచు గురించి అనుకుంది. “అదే గదా అందం. యశోదా, ఫోటోలో ఎట్లుంటే అట్లే కుట్టు. ఒక్క దారం తక్కువ పడగూడదు.”

“తక్కువ పడేదానికి ఈడ ఏముండాదక్కా,” అని యశోద గొణిగింది. అప్పటికే అవతల ఫోన్ పెట్టేశారు.

పదకొండు గంటలకు వీరభద్ర అక్క వెంకటలక్ష్మమ్మ షాపుకు వచ్చింది. తమ్ముడి సన్మానం కోసమని రాజంపేట నుంచి ముందురోజే దిగి, తన జాకెట్టు కూడా యశోదకే ఇచ్చింది. గోడ మీది కాగితం ఆమె కంట్లో పడింది. పైన ‘మహేశ్వరక్క, ఆదివారం, అర్జెంటు’ అని ఉంది. కింద ఆ బొమ్మ.

“ఇదేందే యశోదా?”

“నాకేం తెలుసు పెద్దమ్మా. ఫోటోలో ఎట్లుంటే అట్లే కుట్టమనింది.”

వెంకటలక్ష్మమ్మ కాగితం పీకి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఇంటికి పోలేదు, తమ్ముడి ఆఫీసుకు పోయింది. అక్కడ తమ్ముడొక్కడికే చూపాలనుకుంది. కానీ ఆయన కళ్ళద్దాలు దొరక్క, బొమ్మలో ఏముందో పక్క సీటాయన చూసి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పన్నెండున్నరకు అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇంట్లో అడుగుపెట్టే సరికి, ఆదివారం సన్మానానికి తప్పకుండా వస్తామని పద్నాలుగు మంది కొత్తగా మాటిచ్చారు.

అదే సమయానికి శ్రావణి ల్యాప్‌టాప్‌లో జయరాజ్ ఉన్నాడు.

“ఇందులో అసభ్యత ఏముంది శ్రావణీ? అది కవచం. యుద్ధానికి పోయే మనిషి తేలిగ్గా ఉండాలి. పిల్లలు అసలు గమనించరు. సంతకం పెట్టేయండి.”

వెంకటలక్ష్మమ్మ తిన్నగా వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మహేశ్వరి మొహం ముందు కాగితం చాపింది. “ఇది ఏసుకోని నా తమ్ముని పక్కన కూర్చుంటావా? మన ఇండ్లల్లో యాడన్నా ఉండాదా ఇది?”

వీరభద్ర గోడ గడియారం వైపు చూస్తూ అన్నాడు, “నేను సన్మానం వద్దని రాసిస్తా. అదే మేలు.”

మహేశ్వరి కాగితం అందుకుని చూసింది. ముందు, పక్క, వెనక. పైన తన పేరు. శ్రావణి తల తిప్పి ఆ కాగితం చూసింది.

“అమ్మా, నాదే తప్పు. రెండూ పక్కపక్కనుండె. ఒకటి బదులు ఇంకోటి పంపినా.”

“ఏమైంది?” అని అడిగాడు జయరాజ్ ల్యాప్‌టాప్‌లోంచి.

“మన బొమ్మ సార్. టైలరుకు పోయింది. మా అమ్మ జాకెట్టుకు.”

“ఛ! అమ్మగారికా? ఆ అవతారంతో ఆవిడ నలుగురిలో కూర్చోవడమా! పరువు పోదూ?”

“ఎవురే ఈయప్ప?” అంది వెంకటలక్ష్మమ్మ.

“మా సారు అత్తా. ఇట్ల గీయమనింది ఈయనే.”

మహేశ్వరి కాగితాన్ని మెల్లగా నాలుగు మడతలు పెట్టింది. ల్యాప్‌టాప్ ముందుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

“నాయనా, ఇంతసేపూ కవచమంటివి. నా పేరు పడంగానే పరువు పోతాదంటివి. యాభై ఆరేండ్ల దాన్ని, నాకు పోయే పరువు పన్నెండేండ్ల పిల్లోల్లు చూస్తే పోదా? ఆ బొమ్మ కింద నా బిడ్డ పేరు ఎట్ల రాయమంటావు?”

జయరాజ్ ఏదో అనబోయాడు. వెంకటలక్ష్మమ్మ కూడా కుర్చీ లాక్కుంటోంది. అది చూసి ఆయన నెట్‌వర్కు సరిగా లేదని చెప్పి మాయమయ్యాడు.

పది నిమిషాలకు సందేశం వచ్చింది. శ్రావణి గీసిన రెండో బొమ్మే ఖాయం. శ్రావణి దాని కింద సంతకం చేసి పంపింది. వీరభద్ర కళ్ళద్దాలు వెతికే పని మీద లోపలికి వెళ్ళాడు.

“గుడ్డ కోసినావా యశోదా?” అని మహేశ్వరి ఫోన్ చేసింది.

“లేదక్కా. కత్తెర పట్టుకున్యా గానీ చెయ్యి ఆడలే.”

సన్మానం సజావుగా జరిగింది. మూడు నెలల తర్వాత ఆట విడుదలైంది. కూతురి బొమ్మ కదులుతుంటే చూడాలని మహేశ్వరి చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. మెడ నుంచి మోకాళ్ళ దాకా కవచం. కడుపు మీద మంచి గట్టి రేకు. ఎక్కడా అర అంగుళం తేడా లేదు. మహేశ్వరి సంతోషంగా తల ఊపింది. ఇంతలో వీరనారి కత్తి తిప్పింది. ఒక తల ఎగిరిపడింది. తర్వాత రెండు. మహేశ్వరి ఇరవై ఏడు దాకా లెక్కపెట్టి ఆపేసింది.

“ఏమే, ఇది పన్నెండేండ్లోల్లు ఆడేదేనా?”

“నెత్తురు నీలంగా ఉంటే పన్నెండమ్మా,” అంది శ్రావణి తల దించుకుని, “ఎర్రగా ఉంటేనే పద్దెనిమిది.”