కీచుమనే బ్రేకు ఇంటికి మేలు

కీచుమనని బ్రేకు కూడా ఒక బ్రేకేనా? నన్నడిగితే, ఇంటిల్లిపాదీ తిరిగే కారుకి చప్పుడు చెయ్యని బ్రేకు ఉండటం శుద్ధ దండగ!

మా కారునే చూడండి. వీధి మలుపులో బ్రేకు తొక్కితే చాలు, మా ఆవిడ స్టవ్ మీద టీ నీళ్లు పెట్టేస్తుంది. వాచ్‌మన్ గేటు తీసేస్తాడు. పక్కింటాయన పరుగున వచ్చి, నా పార్కింగ్‌లో పెట్టుకున్న తన స్కూటర్‌ని పక్కకు లాక్కుంటాడు. నేను హారన్ మీద చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో!

చుట్టాలు సైతం దగ్గరయ్యారు. ఏడాదికోసారైనా పలకరించని పెద్దమామయ్య "ప్యాడ్లు అరిగుంటాయిరా" అంటూ రోజూ ఫోన్ చేస్తున్నాడు. పిన్నిదేమో "దుమ్ము పట్టిందేమో, నీళ్లు కొట్టి చూడు నాన్నా" అని సలహా. బావమరిది ఏకంగా వచ్చేశాడు. నేను మెల్లగా నడుపుతుంటే, అతను వంగి, చక్రం వైపు చెవి పెట్టి పక్కనే పరిగెత్తాడు. మా ఆవిడ కారు కిటికీలోంచి తల బయటపెట్టి "ముందుదా తమ్ముడూ? వెనకదా?" అని అరిచింది. వాకింగ్‌కి వచ్చిన ఓ పెద్దాయన, మేమేదో గొడవపడి అతన్ని దింపేశామనుకుని "పోనీలెండి, ఎక్కించుకోండి సార్!" అని నన్ను బతిమాలాడు. ఇంత వ్యాయామం, ఇంత సానుభూతి ఏ జిమ్‌లో దొరుకుతాయి చెప్పండి?

ఇక సర్వీస్ సెంటర్ సంగతి. డాక్టర్‌ని చూడగానే జ్వరం తగ్గిపోయే పిల్లాడిలా, మా కారు అక్కడికి వెళ్లగానే నోరు మూసుకుంది. "శబ్దం వచ్చినప్పుడు తీసుకురండి సార్" అన్నాడు సూపర్‌వైజర్. మళ్లీ వెళ్లాం. ఈసారి కారు మా పరువు నిలబెట్టింది. అక్కడున్నవాళ్లంతా చెవులు మూసుకున్నారు! సూపర్‌వైజర్ మాత్రం చెక్కుచెదరలేదు. "ఈ మోడల్‌కి ఇది నార్మలే సార్, అలవాటైపోతుంది" అన్నాడు.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. "మా అమ్మాయి కొత్తగా లైసెన్స్ తీసుకుంది. ఇక ఈ కారు నడిపేది అదే. ఈ శబ్దం పోతేగానీ నేనిక్కణ్ణుంచి కదలను" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రానికి తాళాలు మా చేతికొచ్చాయి.

"ఎక్కి చూడండి మేడమ్. శబ్దం పోయింది!" అన్నాడు సూపర్‌వైజర్.

నిజంగానే పోయింది. తలుపుల సందులన్నీ మూసుకుపోయేలా మందపాటి కొత్త రబ్బరు బీడింగ్ వేశారు. అద్దాలన్నీ ఎత్తేసి ఏసీ పెట్టారు. లోపల ఎంత హాయిగా ఉందో! చక్రాల మీద మొన్నటి బురద మాత్రం ఎండినది ఎండినట్టే ఉంది.

"బ్రేకు చూశారా?" అని అడిగింది మా ఆవిడ.

"మీరు శబ్దం పోవాలన్నారు కదా మేడమ్!" అన్నాడతను, కాస్త నొచ్చుకుని.

తప్పంతా మాదే! బ్రేకు తొక్కితే కారు ఆగాలని మేం విడిగా చెప్పనే లేదు.

"సూపర్ నాన్నా, అస్సలు సౌండే లేదు!" అని మురిసిపోతూ మా అమ్మాయి తాళాల కోసం నా వెంటపడుతోంది. తాళాలు నా జేబులోనే ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు భయంగా ఉంది. ఇప్పుడా కీచుమనే మోత రోడ్డు మీద అందరికీ వినపడుతుంది, స్టీరింగ్ పట్టుకున్న పిల్లకి తప్ప.

అందుకే రేపు మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తున్నాను. బ్రేకు బాగుచెయ్యమని అడిగితే ఈసారి ఇంకేం మూసేస్తారో! ఒక్కటే అడుగుతాను: బాబ్బాబు, మా అమ్మాయికి ఆ శబ్దమైనా వినపడనివ్వండి.