పిడి కంపెనీది కాదు

జిల్లా పోలీసు శాఖ ఆన్‌లైన్ వేలంలో ఇరవై మూడో నంబరు పిస్తోలుకు పిడిగా ఉన్న ఓబులేసును నాలుగు పక్కలా ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెట్టారు. కింద వివరాలు రాశారు: "గొట్టం బాగున్నది. ట్రిగ్గరు కొంచెం బిగుతు. పిడి: మనిషి, నలభై ఏడేళ్ళు, కంపెనీది కాదు."

ఫొటో తీసేటప్పుడు హెడ్ కానిస్టేబుల్ సుంకన్న కసిరాడు. "నగాకప్పా ఓబులేసూ. పిడి నగేది యాడన్నా చూసినావా?"

ఓబులేసుకు బస్టాండు వెనక వడ్రంగి దుకాణం ఉండేది. ఒక కాంట్రాక్టరు తన పిస్తోలుకు టేకు పిడి కావాలన్నాడు. ఓబులేసు చెక్కి, ఏదో కొత్తరకం బంక పూసి, ఆరేదాకా కదలకుండా పట్టుకున్నాడు. పనిమంతుడు గనక గట్టిగానే పట్టుకున్నాడు. బంక ఆరింది. వారం తిరిగేసరికి టేకు ఎటుపోయిందో పోయింది, అరచెయ్యి మిగిలింది. ఈలోగా ఎన్నికల కోడ్ వచ్చిపడింది. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో జమ చేయాలి గనక కాంట్రాక్టరు పిడితో సహా జమ చేసి రసీదు తీసుకుపోయాడు. ఎన్నికలయ్యాక తిరిగి రాలేదు. ఇంకోటి కొనుక్కున్నాడట.

ఆసుపత్రిలో డాక్టరు విడదీస్తానన్నాడు గానీ, లైసెన్సు ఆయుధానికి మార్పులు చేయడం నేరం. ఆ నేరం కింద పట్టుబడినవే మిగతా ఇరవై రెండూ. సైకిలు పంపు గొట్టంగా బిగించినదొకటి, ట్రిగ్గరుకు గుడిగంట కట్టినదొకటి, పార్టీ మారినప్పుడల్లా రంగు పూసీ పూసీ గొట్టం పూడుకుపోయినదొకటి. ఏడాదిగా ఓబులేసు వాటి మధ్యనే బీరువాలో కూర్చుంటున్నాడు. అన్నం ఎడమచేత్తో తింటున్నాడు.

అతని భార్య మారెక్క స్టేషనుకొచ్చి, వేలంలో తానే పాడుకుంటానంది.

"ఆయుధం లైసెన్సు ఉందామ్మా?" అన్నాడు సుంకన్న.

"ఈయన్ను పెండ్లి చేసుకున్యప్పుడు ఎవురూ అడగలేదే!"

"అప్పుడు పిడి గాదు గదమ్మా."

ఆమె లైసెన్సుకు అర్జీ పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళెవరైనా పోలీసు బీరువాలో ఉన్నారా అని అందులో ఒక ప్రశ్న. ఉన్నారని నిజం రాసింది. అర్జీ కొట్టేశారు.

"దిగులు పడాకండి," అన్నాడు సుంకన్న. "కొన్నోడు మొట్టమొదట పీకేసేది పిడినే. ఇంత వికారంగా ఉంటే ఎవురు పెట్టుకుంటారు?"

ఓబులేసుకు ఆ మాట తేనె పూసినట్టుంది. జీవితంలో మొదటిసారి తను వికారంగా ఉన్నందుకు సంతోషించాడు. ఫొటోలో ఇంకాస్త బాగా నోరు వంకర పెట్టివుంటే పోయేదే అనుకున్నాడు.

వేలంలో అన్నిటికన్నా ఎక్కువ పాట ఇరవై మూడుకే వచ్చింది. పాడుకున్నది రాళ్ళ క్వారీ జయచంద్ర. తెల్లబట్టల్లో స్టేషను ముందు జీపు దిగాడు. పిస్తోలు వైపు చూడనేలేదు. ఓబులేసు వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురులో చూశాడు.

"పిడి ఎప్పుడు పీకిస్తారన్నా?" అడిగాడు ఓబులేసు. వాకిట్లో మారెక్క అతని ఉతికిన చొక్కా పట్టుకుని నిలబడివుంది.

"పీకేదేంది? పిడి కోసరమే గదప్పా పాడుకున్నేది," అన్నాడు జయచంద్ర. "గొట్టాలు యాడైనా దొరుకుతాయి. ఎన్నిసార్లు పేలినా వేలిముద్రలు నీవే. ఇంత మంచి పిడి ఏ కంపెనీ చేస్తాది?"

సుంకన్న రిజిస్టరులో "వస్తువు చక్కగా అందినది" అని రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. పిడి ఎడమచేత్తో పెట్టింది.

"ఈయన ఇంటికొచ్చేదెప్పుడు సార్?" అంది మారెక్క.

"మల్లా ఎలచ్చన్లు రానీమ్మా. అందురూ జమ చేస్తారు గదా, ఈడికొచ్చి చూసుకుందువు."

ఆమె సరేనని తలూపింది. చొక్కా మడిచి అతని సంకలో పెట్టింది.

జీపులో వెనక జయచంద్ర మనుషులు ముగ్గురు ముందునుంచే కూర్చుని ఉన్నారు. జరిగి చోటిచ్చారు. ఓబులేసు వాళ్ళ చేతులకేసి చూశాడు. దేనికీ ఏమీ అంటుకుని లేదు. ఉత్త చేతులు.

"నీదే నయంలేప్పా," అన్నాడు పక్కవాడు. "అంటుకున్నేది కనపడతాంది."