దిగని విమానానికి జట్కా

ఆకాశంలో ఎగరడం మనిషికి పెద్ద పని కాదు. దిగాక తెనాలి ఊళ్లోకి రావడమే అసలు పని. ఈ సత్యాన్ని ప్రభుత్వం 1967లోనే, అంటే విమానాశ్రయం కట్టడానికి చాలా ముందుగానే, గుర్తించింది. (సర్కారుకు ముందుచూపు లేదని తిట్టేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకోవచ్చు.) అంగలకుదురు అవతల, మినపచేల మధ్య, ఎకరంన్నర బీడులో "ఇచట విమానములు దిగును" అని బోర్డు పాతారు. విమానం సంగతి నిదానంగా చూసుకోవచ్చు, దిగినవాళ్లను ఊళ్లోకి చేర్చే వాహనాన్ని ముందు ఎంపిక చెయ్యమని ఒక అధికారిని వేశారు. ఆయన పేరు పూర్ణచంద్రరావు, హోదా గగన భూతల సంధానాధికారి.

జట్కా బ్రహ్మయ్యకు ఈ గొడవ పట్టలేదు. ఇరవై ఏళ్లుగా తెనాలి స్టేషను బయట వరసలో అతని బండిది రెండో స్థానం. మెయిలు దిగిన జనం "బాబాయ్, గంగానమ్మపేట" అంటూ ఎక్కి కూచునేవారు. పెళ్లివారి అలకలు, కోర్టు పక్షుల అబద్ధాలు, అత్తల మీద కోడళ్ల ఫిర్యాదులు అన్నీ అతని వీపు వెనకాలే నడిచేవి. ఆ మాటలు వింటూ బండి తోలడమంటే అతనికి ప్రాణం. ఆ వాహనాల పోటీకి రమ్మని బంట్రోతు కబురు తెస్తే, రానంటే ఉన్న లైసెన్సు ఊడుతుందేమోనని వెళ్లాడు.

పరీక్షకు విమాన ప్రయాణికుడు కావాలి గదా, తెనాలి అంతా గాలించినా దొరకలేదు. అందుకని ఆఫీసు గుమాస్తా సీతారామాంజనేయులు చేతికి ఖాళీ సూట్‌కేసు ఇచ్చి, సున్నాలు వేసేవాళ్ల నిచ్చెన ఎక్కించి, మెల్లగా దిగమన్నారు. దిగిన ప్రతిసారీ అతను నియమం ప్రకారం కొంచెం తూలాలి. బస్సు నిండితే గాని కదలనంది; నిండాలంటే రెండు విమానాలు దిగాలి గనక దాన్ని కొట్టేశారు. రిక్షా కాలవ వంతెన దగ్గర ప్రయాణికుణ్ణి దిగి తొయ్యమంది. ఆకాశం నుంచి వచ్చినవాడు వచ్చీరాగానే రిక్షా తొయ్యడం మర్యాద కాదన్నారు. పడవ అన్నిటికన్నా హాయిగా ఉంది గాని, వేసవిలో కాలవ కట్టేస్తారు. ఆ సంగతి విమానాలకు ఎవరు తెలియజెయ్యాలో తేలక ఫైలు రేపల్లె పంపారు. (అది ఇంకా రాలేదు.) ఇక మిగిలింది జట్కా. దాని కుదుపులు విమానం కుదుపులకు దగ్గరగా ఉన్నందువల్ల నేల మీదికి వచ్చిన సంగతి ప్రయాణికుడికి హఠాత్తుగా తెలియదని, ఇది గుండెకు మంచిదని పూర్ణచంద్రరావుగారు రాశారు. (ఆయన విమానం ఎక్కి ఎరగరు.)

బ్రహ్మయ్య మెడలో దండ వేశారు. అతని బండికి స్టేషను ప్లేటు ఊడబీకి విమానాశ్రయం ప్లేటు కొట్టారు. ఒక బండికి రెండు ప్లేట్లు ఉండకూడదు గనక స్టేషను దగ్గర అతని స్థానం వెనక బండి నాంచారయ్యకు పోయింది. మర్నాడే బ్రహ్మయ్య పరుగెత్తుకొచ్చి ఈ గౌరవం నాకొద్దు బాబో అన్నాడు. వద్దంటే ప్లేటును విమానాశ్రయం మేనేజరుకే స్వయంగా అప్పగించాలన్నారు. మేనేజరును మొదటి విమానం దిగిన మర్నాడు నియమిస్తారు.

అది మొదలు ప్రతిరోజూ తొమ్మిది నుంచి అయిదు దాకా బ్రహ్మయ్య ఆ బీడులో బండి కట్టి నిలబడ్డాడు. (ఒంటిగంట నుంచి రెండు దాకా ఆకాశానికి భోజన విరామం.) దిగినవాళ్లను లెక్క రాయడానికి సీతారామాంజనేయులు రిజిస్టరు పట్టుకుని పక్కనే కూచునేవాడు. గుర్రానికి ఉలవలు మంజూరయ్యాయి. ఫారంలో మనిషికి గడి లేకపోవడంతో బ్రహ్మయ్య భార్య అమ్మే పాల మీద బతికాడు. విమానం టిక్కెట్టు లేనివాణ్ణి బండి ఎక్కించకూడదని నిబంధన. గట్టు మీద నడిచిపోయే కూలీలు నవ్వుతూ "ఎక్కమంటావా మావా" అంటే, ఎక్కండే అని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మూడేళ్లలో ఒక్క మనిషి ఎక్కలేదు, ఒక్క కబురు చెవిన పడలేదు. అతనికి డబ్బు బెంగ కన్నా ఈ బెంగ ఎక్కువైంది. నా స్టేషను నాకిప్పించండి మహాప్రభో అని పదకొండు అర్జీలు పెట్టాడు. అర్జీ సీతారామాంజనేయులే రాసిపెట్టేవాడు, కుదరదని జవాబూ అతనే రాసేవాడు. రెండింట్లోనూ అక్షరాలు ముత్యాలే.

1970లో, మినుము పీకే రోజుల్లో, పక్క చేలో కోటిరత్నం అనే కూలి మనిషికి నొప్పులొచ్చాయి. ఆమె అత్త మాణిక్యమ్మ, కోడల్ని రెక్క పట్టుకుని నడిపించుకుంటూ నేరుగా జట్కా దగ్గరికే వచ్చింది. కళ్లెదుట బండి ఉండగా ఇంకెక్కడికి పోతుంది? సీతారామాంజనేయులు రిజిస్టరు గుండెలకు హత్తుకుని, టిక్కెట్టు చూపనిదే వీల్లేదని నిబంధన చదవసాగాడు. అతను చెడ్డవాడు కాదు, చదవకపోతే అతని ఉద్యోగం పోతుంది.

అతను రెండో పేజీకి వచ్చేసరికి బ్రహ్మయ్య గడ్డి పరిచి కోటిరత్నాన్ని పడుకోబెట్టేశాడు.

"పంతులుగారూ, ఈ పిల్ల ఎక్కణ్నించి దిగిందో మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. నేను ఆసుపత్రికి పోతన్నా," అన్నాడు.

అత్తా కోడలూ వెనక ఉండటంతో బండి వెనక్కి వాలి, గుర్రం కాళ్లు నేలకు ఆనడం లేదు. జట్కాకి ముందు బరువు కావాలి. సీతారామాంజనేయులు నిట్టూర్చి, రిజిస్టరుతో సహా ఎక్కి ముందు కూచున్నాడు. దారి పొడుగునా మాణిక్యమ్మ కోడలికి ధైర్యం చెబుతూ, మధ్యమధ్య తన తోడికోడలి బండారం బయటపెడుతూనే ఉంది. బ్రహ్మయ్య మూడేళ్ల ఆకలి తీరేట్టు విన్నాడు. ఎంత సంతోషమేసిందంటే గుర్రాన్ని ఒక్కసారి కూడా అదిలించలేదు, అదే పరుగెత్తింది.

ఆసుపత్రి వరండాలోనే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. సీతారామాంజనేయులు గోడకానుకుని రిజిస్టరు పూర్తిచేశాడు. బండి బీడు దాటింది గనక కారణం చూపించక తప్పదు. ఆ రిజిస్టరులో పట్టే కారణం ఒక్కటే. దిగినవారు: ఒకరు. ఊరు చేరినవారు: ఇద్దరు. (తోడు వచ్చినవాళ్లకు ఆ రిజిస్టరులో గడి లేదు గనక మాణిక్యమ్మ లెక్కకు రాలేదు.) అబద్ధం రాయాల్సింది ఒక్క గడిలోనే గనక మిగతావన్నీ నిజమే రాశాడు.

నాలుగు నెలల తరువాత హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. సీతారామాంజనేయులు దాన్ని బీడులోనే, జట్కా నీడన నిలబడి చదివి వినిపించాడు. ప్రయాణికుల సంఖ్య దారిలోనే రెట్టింపు కావడం దేశంలో మరెక్కడా జరగలేదని ప్రభుత్వం అభినందించింది. విమానాలు లేకుండానే ప్రయాణికులు సంతృప్తికరంగా దిగుతున్నందున విమానాశ్రయ నిర్మాణం అనవసర ఖర్చని భావించి రద్దు చేసింది.

బ్రహ్మయ్య మొహం వెలిగిపోయింది. ఇక మేనేజరూ లేడు, ప్లేటు అప్పగించే పనీ లేదు. సాయంత్రం మెయిలు వేళకు స్టేషన్లో ఉండొచ్చని లెక్కవేసుకుంటూ, రాయి తీసుకుని ప్లేటు మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా, ఇంకో పేరా ఉంది," అన్నాడు సీతారామాంజనేయులు.

"ఏంటండి అందులో?"

గుమాస్తా ఆ పేరా తనలో తాను రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత చక్కగా నడుస్తున్న రవాణా విభాగాన్ని మాత్రం శాశ్వతం చేశారు.

"విమానం రాదు బ్రహ్మయ్యా," అన్నాడు. "నువ్వు మాత్రం రావాలి."