నాంచారమ్మ పెరటికి రాత్రి రద్దు

పంచాయతీ ఉత్తర్వు అందిన సోమవారం నుంచి నాంచారమ్మ పెరట్లోకి రాత్రి రావడం మానేసింది. ఊరందరికీ ఆరున్నరకు చీకటి పడేది. ఆమె ఇంటి వెనక నాలుగు సెంట్లలో మాత్రం మధ్యాహ్నం మూడు గంటలప్పటి ఎండే నిలిచి ఉండేది.

కారణం బాతులు. ఉన్న పన్నెండింటిలో ఐదింటిని నెల తిరక్కుండానే నక్క ఎత్తుకుపోయింది. మిగిలిన ఏడూ పోతే ఒంటరి మనిషి నాంచారమ్మకు గుడ్ల మీద సాగే బతుకు సాగదు. ఆమె అర్జీ పట్టుకుని వెళితే కార్యదర్శి ఏసుబాబు ఓపికగా విన్నాడు. నక్క అటవీ శాఖ కిందికి వస్తుందని, బాతులు పశువుల డాక్టరుగారి కిందికి వస్తాయని చెప్పాడు. వీధి దీపాలు పంచాయతీవి కాబట్టి చీకటి ఒక్కటే తన పరిధిలో ఉందని, కావాలంటే దాన్ని రద్దు చేస్తానని అన్నాడు. ఆమె సంతకం చేసింది.

నక్క రావడం ఆగింది. పక్కింటి అచ్చాయమ్మ రాత్రి భోజనాలయ్యాక వడియాలు తెచ్చి ఆ పెరట్లో ఆరబెట్టుకుంది. అంతా బాగానే ఉంది గానీ బాతులు గుడ్లు మానేశాయి. బాతు తెల్లవారుజామున పెడుతుంది. చీకటే లేని చోట తెల్లవారేది ఏముంది? అవి ఎటు తిరిగి పడుకోవాలో తెలియక పదహారు రోజులు ఎండలో నిలబడ్డాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే తూలడం మొదలుపెట్టాయి.

నాంచారమ్మ మళ్లీ వెళ్లింది.

“రాత్రి ఇప్పించండి బాబూ. నక్క లేకుండా ఇప్పించండి.”

“విడిగా రాదమ్మా. రాత్రంటే అందులో ఉన్నవన్నీ కలిపే వస్తాయి. ఏరి ఇచ్చే అధికారం నాకు లేదు.”

రద్దయిన రాత్రిని తిరిగి ఇవ్వాలంటే సంబంధం ఉన్నవాళ్లందరికీ నోటీసు వెళ్లాలి. అందుకని బుధవారం ఉదయం పదకొండింటికి నక్క కూడా విచారణకు వచ్చింది. రేషను కార్డులో పేర్లు చేర్పించుకోవడానికి వచ్చినవాళ్లు బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చారు. ఒకామె మంచినీళ్ల సీసా అందించింది. రాత్రి రద్దయినప్పటి నుంచి ఇంట్లో జరుగుబాటు లేదని నక్క నెమ్మదిగా చెప్పుకుంది. చేతికందిందల్లా ఎత్తుకుపోవడం తనకూ చిన్నతనంగానే ఉందంది.

“ఏది తీసుకోవాలో మీరే రాసిపెట్టండి పిన్నిగారూ. నెలకు రెండు చాలు. ఇంకోదాని జోలికొస్తే అడగండి.”

“రెండంటే నా గూడు ఖాళీ అయిపోదూ? ఒకటి.”

“పిల్లలున్నారండి.”

“ఉంటే ఉన్నారు. చేలో ఎలకలు లేవా?”

నక్క తల వంచుకుని ఒకటికి ఒప్పుకుంది. నాంచారమ్మ తాను గట్టిగా బేరమాడి గెలిచినట్టే అనుకుంది. బల్ల మీదివాళ్లూ అలాగే అన్నారు. ఏసుబాబు మూడు ప్రతులు రాసి, నక్క చేత పాదముద్ర వేయించి, తలా ఒకటి ఇచ్చాడు.

ఇప్పుడు పెరట్లోకి రాత్రి మామూలుగానే వస్తోంది. గుడ్లు పడుతున్నాయి. కోడి కింద పొదిగించిన పిల్లలు ఎదిగి గూడు నిండింది. నాంచారమ్మ ప్రతి నెలా మొదటి శుక్రవారం కాగితం మీద ఒక బాతు పేరు రాసి గూటి తలుపుకు అంటిస్తుంది. నక్క ఇంతవరకు మాట తప్పలేదు. పోతూ పోతూ గడియ కూడా వేసి వెళుతోంది. ఆ వీధిలో మరో తొమ్మిది ఇళ్లవాళ్లు అదే నమూనాలో అర్జీలు పెట్టుకున్నారు.

ఇదివరకు నక్క అలికిడైతే బాతులన్నీ ఒక్క గొంతుతో గోల చేసేవి. వీధి వీధంతా కర్రలు పట్టుకుని లేచేది. ఇప్పుడు కాగితం మీద పేరున్న బాతు ఒక్కటే అరుస్తుంది. మిగతావి కాస్త పక్కకు జరిగి దారిస్తాయి. ఈమధ్య నిద్ర బాగా పడుతోందని నాంచారమ్మ అందరితోనూ చెబుతోంది.