పూజలో ఉన్న తాళంచెవి

మహర్నవమి పొద్దున చెన్నకేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తిని, తార్నాకలోని తన ఇంటి నుంచి విశ్వవిద్యాలయం ఆవరణ దాకా నడవాలి. అక్కడ లైబ్రరీ ముందు మిట్ట మీద నిలిపి ఉంచిన తన కారు చక్రం కింది రాయి తీయాలి. తీస్తే కారు పల్లానికి దొర్లుతుంది, దొర్లితే ఇంజను నిద్ర లేస్తుంది. అటునుంచి అటే కాచిగూడ స్టేషనుకు పోయి, మధ్యాహ్నం కర్నూలు బండి దిగే మామగారిని ఎక్కించుకొని రావాలి. అంతే.

కారు ఇంటి ముందు కాకుండా మిట్ట మీద ఎందుకు పడుకుంటుందని అడగవచ్చు. ఎవరో దొర తన దేశానికి పోతూ వదిలేసిన పాతకాలపు బండి అది. బూడిద గుమ్మడికాయ రంగు, గేదె కళ్ళలాంటి దీపాలు, తలుపుల కింద కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్టు. తాళం తిప్పితే పలకదు, హ్యాండిలు తిప్పితే ఉలకదు. మిట్ట మీద నుంచి దొర్లిస్తే మాత్రం ఎక్కడో ఒక చోట దగ్గి లేచేది. చెన్నకేశవులు ఉండే వీధి అరచెయ్యంత చదును. అందుకని కారు ఆవరణలోనూ, యజమాని తార్నాకలోనూ విడి కాపురాలుండి, పొద్దున్నే కలుసుకునేవారు.

చెన్నకేశవులు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. కళ్ళు తెరిచి కలలు కనడం ఆయన అలవాటు. ఆకు ఈనెల గురించి పాఠం మొదలుపెట్టి, మధ్యలో కిటికీలోంచి చూస్తూ ఉండిపోతే, పిల్లలు చెప్పులు చేతబట్టుకొని మెల్లగా జారుకుని, చాయ్ తాగి, తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన రెండో ఈనె దగ్గరికి వచ్చేవాడట. అరవైల చివరి రోజులవి. లెక్చరర్లకు కలలకు తీరిక ఉండేది.

ఆ పొద్దున కలంతా మామగారిదే. ఆయన పేరు మల్లికార్జునయ్య, కర్నూలు దాపున ఒక పల్లెకు కరణం. చెన్నకేశవులు పెళ్ళినాడు మగపెళ్ళివారు ఊరేగింపుకు బాడుగ కారు తెచ్చారు. అది నడివీధిలో మొరాయించింది. ముందు బాజాలు మోగుతుంటే, వెనక కొత్త పట్టుపంచె ఎగగట్టి, పిల్లనిచ్చిన మామ విడిదింటి దాకా కారును తోశాడు. ఊరంతా చూసింది. ఆ చెమట తుడుచుకుంటూనే ఆయన శపథం చేశాడు: అల్లుడు సొంత కారులో, తన చెయ్యి పడకుండా తీసుకుపోయిన దినమే అతని ఇంటి గడప తొక్కుతానని.

ఇన్నేళ్ళుగా ఆయన తొక్కలేదు. ఏటా దసరాకు ముందు చెన్నకేశవులు భార్య రాజేశ్వరి వీధివైపు గదికి సున్నం వేయించి, నవారు మంచం బిగించి, నాయన కోసం ఎదురుచూసేది. ఏటా ఆ మంచం మీద చివరికి బియ్యపు బస్తాలు పడుకునేవి. ఈసారి కారు ఉందని కబురు పెడితే, వస్తానని జవాబు కబురు వచ్చింది. భర్త గుమ్మం దాటుతుంటే ఆమె మరోసారి హెచ్చరించింది.

"నాయన రైలు దిగేసరికి కారు కనపడల్ల. లేకుంటే అదే బండెక్కి ఎనక్కి పోతాడు. మళ్ళ జన్మలో రాడు."

చెన్నకేశవులు తలూపి, కలలో నడుస్తూ వెళ్ళాడు. వానలు వెనకబట్టిన ఎండ, పసుపు కలిపిన పాలలా ఉంది. దారి పక్క బండల మీద తూనీగలు గాలిలోనే ఆగి నిలబడ్డాయి. గునుగుపూలు తలలూపుతున్నాయి. ఆ తెల్లటి పూల మధ్య నుంచి మామగారు కారు దిగి, గడప మీద కుడికాలు మోపుతున్నట్టు ఆయనకు కనిపించింది. అదే ఆనందంలో కారు దాకా వెళ్ళి, రాయి తీయడానికి వంగాడు. ఎదురుగా వెనక చక్రానికి ఒక ఇనుప బేడీ కనిపించింది.

అది మామూలు బేడీ కాదు. రెండు ఇనుప దవడలు చక్రాన్ని ఇటూ అటూ కరచుకొని, మధ్యలో కొబ్బరికాయంత తాళం. పక్కనే కొత్తగా పాతిన బోర్డు: ఇక్కడ బండ్లు నిలుపరాదు.

ఎస్టేటు ఆఫీసరు నాగేంద్రగారి చలవ అది. ఆయన ఏదో దేశంలో శిక్షణకు పోయి, అక్కడ నిలపకూడని చోట నిలిపిన కార్లకు ఇలాంటి బేడీలు వేస్తారని చూసి వచ్చాడు. మౌలాలిలో ఒక కమ్మరి దగ్గర కూర్చుని, బొమ్మ గీసి, ఒకటి కొట్టించాడు. తీరా చూస్తే ఆవరణలో ఉన్న కార్లే నాలుగైదు. ఒక్కటీ తప్పు చోట నిలవదు. బేడీ ఆఫీసులో ఖాళీగా పడి ఉంటే ఆయనకు అన్నం సహించేది కాదు. చివరికి నిన్న సాయంత్రం, తప్పు చోట నిలిచిన కారు ఎక్కడా దొరకక, నిలిచిన కారు పక్కనే బోర్డు పాతించి ముచ్చట తీర్చుకున్నాడు.

కాపలా గదిలో కొమురెల్లి అనే పాత వాచ్‌మన్ ఉన్నాడు. తాళంచెవి ఇమ్మని చెన్నకేశవులు అడిగాడు. కొమురెల్లి లేచి, గది లోపలికి చెయ్యి చూపించాడు. పీట మీద ఎర్రగుడ్డ పరిచి, దాని మీద లాఠీ, టార్చిలైటు, ఈల, సైకిలు గంట, వాటి నడుమ తాళంచెవి. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు.

"ఆయుధపూజ అయింది సార్. పూజల వెట్టిన ఇనుము దశమి దాంక ముట్టొద్దు. రేపు ఉద్వాసన జెప్పి జెర కదిలించినంక ఇస్త."

"నా కారు ఎట్ల కదలల్ల మరి?"

"దానిక్కూడ పండుగనే గద సార్. పండుకోనియ్యి."

చెన్నకేశవులు నాగేంద్ర క్వార్టర్సుకు పరుగెత్తాడు. నాగేంద్ర మర్యాదస్థుడు. పండుగపూట కాబట్టి క్షమించి వదిలేస్తాననీ, తన దగ్గర రెండో తాళంచెవి ఉందనీ చెప్పి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు గానీ, చేతిలో తాళంచెవి లేదు, గిన్నెలో చక్కెర పొంగలి ఉంది.

"అమ్మ అది కూడా పూజలో పెట్టేసిందండీ. అడిగితే నన్నూ కూర్చోబెట్టి బొట్టు పెట్టింది."

ఇక తార్నాక మెకానిక్కు ఇన్నయ్యే దిక్కు. ఇన్నయ్య ఆదివారం చర్చికి పోయే మనిషి, ఆయనకు ఆయుధపూజ పట్టింపు ఉండదని చెన్నకేశవులు లెక్క వేసుకున్నాడు. లెక్క సగమే సరిపోయింది.

"నాకు పండుగ లేదు సార్. నా పానాలకున్నది," అన్నాడు ఇన్నయ్య. షాపు యజమాని బోల్టులు విప్పే పానాలన్నిటినీ కడిగి, బొట్లు పెట్టి, దండ వేసి, ఊరికి పోయాడట. జాకీ కూడా దండలోనే ఉంది. ఆ పూట తార్నాక నుంచి మల్కాజ్‌గిరి దాకా ఉలి, సుత్తి, రంపం, చివరికి సైకిలుకు గాలి కొట్టే పంపు కూడా పసుపు పూసుకొని కళ్ళు మూసుకున్నాయి. ఊళ్ళోని ఇనుమంతా ఒక్కసారిగా ధ్యానంలోకి వెళ్ళిపోయింది.

అయినా ఇన్నయ్య ఉత్త చేతులతో వచ్చాడు. చక్రంలో గాలి తీస్తే సన్నబడుతుందనీ, సన్నబడితే బేడీ జారిపోతుందనీ ఆయన శాస్త్రం. అగ్గిపుల్లతో గాలి తీశాడు. టైరు నిట్టూర్చింది. కారు ఏనుగులా ఒక పక్కకు మోకరిల్లి, బేడీ మీద బరువంతా వేసి కూర్చుంది. అంతకుముందు బేడీ కారును పట్టుకొని ఉంది, ఇప్పుడు కారు కూడా బేడీని పట్టుకుంది.

నూనె పోస్తే జారుతుందన్నాడు ఇన్నయ్య. నూనె ఇనుము కాదు కనుక కొమురెల్లి దీపారాధన సీసా అభ్యంతరం లేకుండా ఇచ్చాడు. చెన్నకేశవులు చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, నువ్వులనూనె సన్నటి ధారగా బేడీ మీద పోయసాగాడు. ఆ ధార ఎండలో తేనె తీగలా మెరిసింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన మళ్ళీ కలలోకి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే పూల గంప నెత్తిన పెట్టుకొని రాములమ్మ అటుగా వచ్చింది. నవమినాడు, చదువుకున్న పెద్దమనిషి, వట్టికాళ్ళతో ఇనుముకు నూనె పోస్తున్నాడు. ఆమెకు ఒకరు చెప్పాలా? గంప దించి, బేడీకి మూడు వేళ్ళతో కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది.

"మంచిగ జేస్తున్నవు బిడ్డా. ఇయ్యాల రేపు సదువుకున్నోళ్ళు గియ్యన్నీ ఎక్కడ జేస్తున్నరు."

చెన్నకేశవులు కల తెగి చూసేసరికి పని అయిపోయింది. కొమురెల్లి దూరం నుంచే దండం పెట్టాడు.

"గిప్పుడు బేడీ గూడ పూజల వడ్డది సార్. తాళంచెవి ఉన్నా దాన్ని ఎవలు ముడతరు?"

పూలు ఉన్న చోటికి మనుషులు వస్తారు. హాస్టలు పిల్లలు తమ సైకిళ్ళు తెచ్చి కారు పక్కన నిలబెట్టారు. ఆఫీసు గుమాస్తాలు టైపు మిషన్లు మోసుకొచ్చారు. ఎవరో సూక్ష్మదర్శిని తెచ్చారు, ఎవరో హాకీ కర్రలు తెచ్చారు. ఒక ప్రొఫెసరుగారు తన పళ్ళసెట్టు కూడా తెచ్చి పెట్టాడంటారు గానీ, అది నమ్మడం కొంచెం కష్టం. ఊదుబత్తుల పొగలో కారు మేఘం మీద కూర్చున్నట్టు కనిపించింది. నాగేంద్ర వచ్చి, తన బేడీకి జరుగుతున్న వైభవం చూసి, బూట్లు విప్పి, తడి కళ్ళతో ఒక కొబ్బరికాయ కొట్టాడు.

కారు ఇంకా మిట్ట మీదే ఉందని ఎవరో చెబితే రాజేశ్వరే వెతుక్కుంటూ వచ్చింది. భర్త నుదుటిన అడ్డబొట్టుతో, మెడలో బంతిపూల దండతో, కారు ముందు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె చీరకొంగు బిగించి, వచ్చిన బస్సెక్కి కాచిగూడ వెళ్ళింది.

స్టేషనులో మల్లికార్జునయ్య పెట్టె దించనే లేదు. కారేదని అడిగాడు. రాజేశ్వరి అబద్ధం చెప్పలేదు. కారు పూజలో ఉందనీ, అందుకే కదల్లేదనీ చెప్పింది. పెద్దాయన ముఖం మారిపోయింది. మామ శపథాన్ని సైతం పక్కనబెట్టి, నవమినాడు బండిని కదిలించని అల్లుడా! ఇంటి గడప సంగతి తర్వాత, ముందు ఆ పూజ చూడాలన్నాడు. తండ్రీ కూతుళ్ళు రిక్షా ఎక్కి ఆవరణకు వచ్చేసరికి ఎండ బంగారమై మెత్తబడింది.

మల్లికార్జునయ్య జనాన్ని, పూలను, బేడీని నిదానంగా చూశాడు.

"ఏమప్పా అల్లుడా, ఈ కాళ్ళకేసిన కడియమేంది?"

చెన్నకేశవులు నోరు తెరిచాడు. రాజేశ్వరి ముందే అందుకుంది. "బండికి రక్ష నాయనా. ఈడ అట్ల కడతారు."

ఆయన ఆకాశం వైపు చూసి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు. కరణానికి పంచాంగం కంఠతా వచ్చు. "నవమి ఎళ్ళిపాయ. దశమి వచ్చి కూచోనుండాది. ఇంగ ఉద్వాసన చెప్పచ్చు."

"నిజంగనా పెద్దయ్యా?" అన్నాడు కొమురెల్లి.

"నేను తిథి చెప్తాండా. నువ్వు పోయి తాళంచెవి తే."

ఆయన ఒక్కొక్క వస్తువు మీదా అక్షింతలు వేసి, మంత్రం చెప్పి, వేలితో కొంచెం కదిపాడు. కదిపిందల్లా మేలుకుంది. తాళంచెవి మేలుకుంది, పంపు పరుగెత్తుకొచ్చింది, ఇన్నయ్య టైరుకు గాలి కొట్టాడు. నూనె తాగిన తాళం చల్లగా వీడింది. బేడీ దండతో సహా పక్కకు ఒరిగింది. చెన్నకేశవులు చక్రం ముందు రాయి తీసి, గబగబా స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. రాజేశ్వరి వెనక ఎక్కింది. కారు మాత్రం నూనె, పూలు కలిసిన మెత్తటి మట్టిలో దిగబడి కదల్లేదు.

రాజేశ్వరికి నవారు మంచం మీద బియ్యపు బస్తాలు కనిపించాయి.

"దీనికీ చెప్పల్ల గదా ఉద్వాసన," అంటూ మల్లికార్జునయ్య కారు వెనక్కి వెళ్ళాడు. మంత్రం చదివాడు. రెండు అరచేతులు కారు వీపున ఆనించి, పంచె ఎగగట్టి, కొంచెం కదిపాడు. కొంచెమంటే, మెడ నరాలు లేచేంత. కారు మట్టిని వదిలి దొర్లింది. పెద్దాయన నాలుగు అంగల్లో అందుకొని, తలుపు కింది మెట్టెక్కి నిలబడ్డాడు.

ఇంజను దగ్గలేదు. లేపాలని చెన్నకేశవులుకూ తోచలేదు. మిట్ట దిగుతూ కారు నిశ్శబ్దంగా సాగింది, నీటి మీద ఆకు సాగినట్టు. దాని వీపు మీది బంతిరేకులు ఒక్కొక్కటే లేచి వెనక్కి ఎగిరాయి. మెట్టు మీద మల్లికార్జునయ్య ఉత్తరీయం తెరచాపలా పొంగింది. దారి పొడుగునా జనం ఇది ఏ దేవుడి ఊరేగింపో తెలియక చేతులు జోడించారు. తీగ మీది పాలపిట్ట నీలంగా ఎగిరి ముందు ముందు పోయింది. ఆవరణ దాటి, తార్నాక మలుపు తిరిగి, చదును వీధిలోకి వచ్చి, కారు సరిగ్గా చెన్నకేశవులు ఇంటి ముందు ఊయల ఆగినట్టు ఆగింది. అంత దూరం ఎలా దొర్లిందని అడిగేవాళ్ళు తార్నాకలో ఆ రోజు లేరు.

రాజేశ్వరి పరుగున పోయి కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. మల్లికార్జునయ్య తన అరచేతులు చూసుకున్నాడు. రెండిటికీ కారు బూడిద రంగు అంటుకొని ఉంది. అల్లుడు నేల చూపులు చూశాడు.

"నేను తోయలా," అన్నాడాయన, ఎవరూ అడగకుండానే. "ఉద్వాసన చెప్పినా." కాళ్ళు కడుక్కొని, కుడికాలు గడప మీద మోపాడు.

మిట్ట మీద మిగిలిపోయిన బేడీకి మర్నాడు ఎవరో చిన్న అరుగు కట్టారు. దేవత అయిపోయిన ఇనుమును మళ్ళీ ఏ చక్రానికీ వేయలేక నాగేంద్ర శుక్రవారం శుక్రవారం దానికి కొబ్బరికాయ కొట్టుకునేవాడు. నవారు మంచం మీద మల్లికార్జునయ్య కార్తీకం వచ్చేదాకా పడుకున్నాడు. ఊరికి బయల్దేరిన రోజున, ఆ చదును వీధి పొడుగునా, పంచె ఎగగట్టి, కారుకు ఉద్వాసన చెబుతూ వెళ్ళాడు.