నీరు, గాలి, సూర్యరశ్మి

ఈ నెల ఇరవయ్యో తేదీన పిల్లలందరూ సంతోషంగా నేర్చుకొని ఉండవలెనని ప్రాథమిక పాఠశాల నుంచి నోటీసు వచ్చింది. సంతోషం ఉదయం పదిన్నరకు మొదలై పన్నెండుకు ముగుస్తుందనీ, ముఖ్య అతిథిగారి రాక ఆలస్యమైన పక్షంలో సంతోషం కూడా ఆ మేరకు ఆలస్యమవుతుందనీ, అంతవరకు పిల్లలు దాన్ని ఆపుకోవాలనీ అందులో స్పష్టంగా రాశారు. కింద గమనికలో 'తల్లిదండ్రులు ఉతికి ఇస్త్రీ చేసిన పిల్లలను పంపవలెను' అని ఉంది. ఆ వాక్యంలో ఎక్కడో ఒక మాట జారిపోయిందని మూడో తరగతి పిల్ల తల్లి ఒకావిడ గమనించింది. గమనించి, సంతకం పెట్టి పంపింది.

ఆవిడ వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివింది. పట్టా బీరువాలో చీరల అడుగున భద్రంగా ఉంది. తప్పు కనబడితే ఊరుకోలేని మనిషి. దుకాణం నుంచి వచ్చిన పొట్లం కాగితం మీద దీర్ఘం లేకపోయినా పెన్సిలుతో పెట్టి మరీ చెత్తబుట్టలో వేస్తుంది. ఎవరినీ ఏమీ అనదు. తప్పులన్నీ లోపల ఎక్కడో రాసి పెట్టుకుంటుందని భర్తకు అనుమానం.

ఎనిమిదేళ్ల కూతురికి హాజరుపట్టీలో మంచి పేరే ఉంది గాని, ఇంట్లోనూ బడిలోనూ ఎందుకమ్మ అంటేనే తెలుస్తుంది. కూర్చోమంటే ఎందుకు, లేవమంటే ఎందుకు. ఆ పేరు పెట్టింది నాయనమ్మ. "పుట్టగానే పిల్లలందరూ ఏడుస్తారు. ఇది మాత్రం ఎందుకేడవాలా అని కాసేపు ఆలోచించింది. నర్సు రెండు తగిలించాకగాని ఒప్పుకోలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అది గొప్పకు చెబుతోందో బాధపడుతూ చెబుతోందో కోడలికి ఎనిమిదేళ్లుగా అంతుబట్టలేదు.

ఉత్సవానికి 'అభ్యసన ఆనందోత్సవం' అని పేరు పెట్టారు. పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూపించాలంటే తీరిక కావాలి కాబట్టి మూడు వారాల ముందే పాఠాలు ఆపేశారు. ఇది అందరికీ సబబుగానే తోచింది. పెళ్లి పనులు మొదలయ్యాక పెళ్లికొడుకుని ఎవరు పట్టించుకుంటారు?

పెద్ద మేడం ఏర్పాటు చాలా పకడ్బందీగా ఉంది. మూడో తరగతిలో ముప్ఫై ఇద్దరు. ఒక్కొక్కరికి ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు. అందరూ హాజరు నంబరు ప్రకారం వరసగా నిలబడతారు. ముఖ్య అతిథిగారి చేతిలో ముప్ఫై రెండు ప్రశ్నల కాగితం ఉంటుంది. ఆయన అదే వరసలో, అప్పటికప్పుడు తోచినట్టుగా అడుగుతారు. పక్కవాడి జవాబు వింటే తన జవాబు మరిచిపోయే ప్రమాదం ఉంది కనుక ఎవరూ ఏదీ వినకూడదు. తన ముందువాడు చెప్పడం అయిపోయి, ఇంకోసారి పెద్దవాళ్ల గొంతు వినబడి ఆగగానే చెప్పెయ్యడమే. పిల్లలు మూడు వారాలు సాధన చేసి, వినకపోవడంలో మంచి ప్రావీణ్యం సంపాదించారు.

ఎందుకమ్మ నంబరు ఇరవై ఒకటి. ప్రశ్న: మొక్క పెరగడానికి ఏమేమి కావాలి? జవాబు: నీరు, గాలి, సూర్యరశ్మి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పిల్లలందరూ గ్లాసులో చిక్కుడు గింజ నాటి తీసుకురావాలని టీచరు చెప్పింది. ఎందుకమ్మ రెండు గ్లాసుల్లో నాటింది. ఒకటి వంటింటి కిటికీలో పెట్టింది. సూర్యరశ్మి నిజంగానే కావాలా, లేక ఊరికే అంటున్నారా అని తేల్చుకోవడానికి రెండోదాన్ని సింకు కింద అరలో, సబ్బు డబ్బా వెనకాల దాచింది. రెండింటికీ చెంచాతో కొలిచి నీళ్లు పోసింది. పదోరోజుకు కిటికీలో మొక్క బెత్తెడు ఎత్తున, పచ్చగా, బొద్దుగా నిలబడింది. అరలోది దానికి రెండింతలు పెరిగి, తెల్లటి దారంలా వంగి, రెండు పసుపుపచ్చ ఆకులతో తలుపు సందు కేసి చూస్తోంది.

"అమ్మా, ఎండ లేనిదే ఎక్కువ పెరిగిందేంటి? ఎందుకూ?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆవిడ కదల్లేదు. జవాబు చెప్పెయ్యబోయి నాలుక కరుచుకుని, నీకేమనిపిస్తోంది అని అడిగింది. పిల్ల రెండు రోజులు అర తలుపు తీసి చూసింది, మూసి చూసింది, తాను కూడా అందులో దూరి చూసింది. మూడోరోజు వచ్చి చెప్పింది.

"అది పెరగలేదమ్మా. పరిగెత్తింది. ఎండ ఎక్కడుందో వెతుక్కుంటూ, గింజలో ఉన్నదంతా ఖర్చుపెట్టేసి పరిగెత్తింది. అందుకే పాలిపోయింది. ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచితే చచ్చిపోతుంది."

డిగ్రీ రెండో ఏడు ఆవిడ దీన్నే రెండు పేజీలు బట్టీపట్టి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. ఆ రెండు పేజీల్లో ఏముందో పధ్నాలుగేళ్ల తరవాత, మసిగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు అర్థమైంది.

ఈ సంగతి ఉత్సవంలో చెబుతానని పిల్ల పట్టుబట్టింది. టీచరు ఎంతో ఓపిగ్గా నచ్చజెప్పింది. జవాబులో మూడు మాటలే ఉన్నాయి, నాలుగోది కలిపితే ఇరవై రెండో నంబరు పిల్ల కంగారుపడుతుంది, ఇందులో తన స్వార్థం ఏమీ లేదు అంది. చివరికి రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టుకోవచ్చనీ, వాటి గురించి నోరు మాత్రం విప్పకూడదనీ రాజీ కుదిరింది. పిల్ల ముఖం మాడ్చుకుని వస్తే తల్లి దగ్గరికి తీసుకుంది.

"ఆ రోజు నేనూ అక్కడే ఉంటానుగా. ఎవరైనా అడిగారనుకో, ఇద్దరం కలిసి చెబుదాం."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ అక్కడ ఉండక తప్పని కారణం ఇంకొకటుంది. గోడలకు అంటించే ముప్ఫై రెండు చార్టులూ ఆవిడ చేతే రాయిస్తున్నారు. "మీ చేతిరాత ముత్యాలండీ" అంది టీచరు. "కాకపోతే మరీ ముత్యాల్లా ఉంటే పిల్లలు రాసినట్టుండదు. కాస్త వంకర్లు పోనివ్వండి. చార్టుకు మూడు తప్పులు చొప్పున వెయ్యండి. అన్నింట్లో అవే తప్పులుంటే బాగుండదు, కొంచెం మార్చి మార్చి వెయ్యండి."

పొట్లం కాగితాలకు దీర్ఘాలు దిద్దే మనిషి, వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని తొంభై ఆరు తప్పులు నీటుగా చేసింది. చెయ్యి మొదట్లో మొరాయించింది, తరవాత అలవాటు పడింది. ఇరవై ఒకటో చార్టులో 'సూర్యరస్మి' అని రాస్తుంటే ఎందుకమ్మ వెనకాల నిలబడి చూసింది.

"ఇలా మాలో ఎవరం రాయమమ్మా. 'శ్మి' మొదటివారమే నేర్పారు."

ఆవిడ వినిపించుకోలేదు. ప్రతి చార్టు కిందా 'ఇది నేను స్వయంగా నా చేతులతో చేసినది' అని ముప్ఫై రెండుసార్లు రాయాల్సిన పని ఇంకా మిగిలి ఉంది.

ఈ సేవలకు మెచ్చి పాఠశాల ఆవిడను ఉత్తమ మాతృమూర్తిగా ఎంపిక చేసింది. ఎంపిక ఏకగ్రీవం. పోటీకి ఇంకెవరికీ అంత మంచి చేతిరాత లేదు. ప్రశంసాపత్రం అందుకున్నాక మాట్లాడాల్సిన రెండు మాటలు టీచరే రాసిచ్చింది. ఆవిడ అందులో రెండు అక్షరదోషాలు సరిదిద్ది, గిన్నెలు తోముకుంటూ నాలుగు రోజుల్లో కంఠతా పట్టింది.

ఇరవయ్యో తేదీ వచ్చింది. పిల్లలు సంతోషాన్ని పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా ఆపుకున్నారు. ముఖ్య అతిథిగారు పై కార్యాలయం నుంచి దయచేశారు. ఈ దేశంలో చదువు ఎటు పోతోందో ఆయనకు తెలియనిది లేదని పెద్ద మేడం పరిచయం చేసింది. ఆయన కూడా ఎటు అని అడగలేదు.

అన్నీ సవ్యంగా జరిగేవే. ఆ పొద్దున తొమ్మిదో నంబరు పిల్లవాడికి గవదబిళ్లలు వచ్చాయి. పిల్లలు అలవాటు ప్రకారం మధ్యలో ఖాళీ లేకుండా సర్దుకుని నిలబడ్డారు. ఖాళీ ఉంటే క్రమశిక్షణ కాదు కదా.

ఎనిమిది వరకు బాగానే సాగింది. అతిథిగారు తొమ్మిదో ప్రశ్న అడిగారు. చేతులు ఎందుకు కడుక్కోవాలి? ఆ చోట నిలబడ్డ పదో నంబరు పిల్ల గొంతెత్తి, భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి, అంది. అతిథిగారు కాగితంలోంచి తల ఎత్తకుండా శభాష్ అని టిక్కు పెట్టారు. పగలూ రాత్రీ ఎందుకు వస్తాయి? పాలిస్తుంది. శభాష్. ఆవు మనకేమిస్తుంది? మంచి మంచి టీచర్లు ఉన్నారు. పిల్లలు బడికి ఇష్టంగా ఎందుకు వస్తారు? దోమలు కుట్టడం వల్ల. ఈ చివరి జవాబుకు చప్పట్లు కాస్త గట్టిగానే పడ్డాయి. చెప్పింది తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడి కొడుకు.

తల్లిదండ్రులందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని తమ పిల్ల వంతు కోసం చూస్తున్నారు. తమ పిల్ల వంతు అయ్యాక వీడియో సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకుంటున్నారు. ఎందుకమ్మ తల్లి మాత్రం పదో నంబరు పిల్ల జవాబు నుంచీ గమనిస్తోంది. పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, ప్రశ్నలు ఒక చోటు పక్కకి జరిగాయండీ, అంది మెల్లిగా. పక్కావిడ చుట్టూ చూసి, కుర్చీలా, అంది.

ఇరవయ్యో ప్రశ్న ఎందుకమ్మ దగ్గరికి వచ్చింది. ఈ మూడు వారాల్లో నువ్వు కొత్తగా ఏం నేర్చుకున్నావు?

ఎందుకమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే ప్రశ్న విన్నది. ఇంత మందిలో ఎవరో తనను నిజంగా తనకు తెలిసినదాన్నే అడుగుతున్నారన్న సంతోషం మొదట ముఖంలోకి వచ్చింది, తరవాత గొంతులోకి వచ్చింది.

"చీకట్లో పెట్టిన మొక్కే ఎక్కువ పొడుగు పెరుగుతుంది సార్. కానీ అదీ..."

మధ్యలో ఆలస్యం కావడంతో అతిథిగారు ఉలిక్కిపడి తలెత్తారు. అందువల్ల మొదటి వాక్యం ఆయన చెవిన పడింది. లేచి బల్ల దగ్గరికి నడిచి, రెండు గ్లాసులూ చూసి, పొడుగుదాన్ని చేతిలోకి తీసుకుని మైకు అడిగి పుచ్చుకున్నారు.

"అభ్యసనమంటే ఇదీ. ఎండ కావాలి, కిటికీ కావాలి, సౌకర్యాలు లేవు అని గొణిగేవాళ్లకు ఈ మొక్క చెంపపెట్టు. ఏ సౌకర్యమూ లేకుండా, ఏ వెలుతురూ అడక్కుండా ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడండి. ఇకమీదట మన పాఠశాలలన్నింటిలో మొక్కలను బీరువాల్లోనే పెంచే విధంగా ఆదేశాలు ఇప్పిస్తానని సభాముఖంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక ఎందుకమ్మ గొంతు వినిపించింది.

"అది చచ్చిపోతుంది సార్. మా అమ్మకి తెలుసు. అడగండి."

"ఈ పాప తల్లిగారేనా మన ఉత్తమ మాతృమూర్తి?" అన్నారు అతిథిగారు కాగితం చూసుకుని. "రండమ్మా. రెండు మాటలు చెప్పండి."

మైకు ఆవిడ చేతికి వచ్చింది. చీరల అడుగున ఉన్న డిగ్రీ అంతా గొంతులోకి వచ్చి కూర్చుంది. ఎదురుగా పెద్ద మేడం నవ్వుతోంది. టీచరు కళ్లతోనే దండం పెడుతోంది. అంచులకు బంగారు రంగు వేసిన ప్రశంసాపత్రం మీద ఆవిడ పేరు ఒక్క తప్పు లేకుండా అచ్చయి ఉంది. నలభై ఫోన్లు ఆవిడ కేసి తిరిగాయి. వరసలో ఇరవయ్యో చోట ఒక పిల్ల మునివేళ్ల మీద నిలబడి చూస్తోంది. ఆవిడ నోరు తెరిచింది.

"గౌరవనీయులైన ముఖ్య అతిథిగారికి, పెద్దలకు నమస్కారం. ఈ బడిలో చేరాక మా పాపలో ఎంతో మార్పు వచ్చింది. క్రమశిక్షణ, సమయపాలన, పెద్దల మాట వినడం నేర్చుకుంది. ఒక తల్లికి ఇంతకన్నా ఏం కావాలి?"

ఎక్కడా తడబడలేదు. అంత ధారాళంగా మాట్లాడిన తల్లి ఆ బడి చరిత్రలో లేదని అందరూ మెచ్చుకున్నారు. అడిగినదానికి అది జవాబు కాదని గమనించినవాళ్లు అక్కడ ఇద్దరే. ఒకావిడ చేతిలో మైకుంది. రెండోది మడమలు కిందికి ఆనించి మామూలుగా నిలబడింది.

మిగతా ప్రశ్నలు చకచకా పూర్తయ్యాయి. ముప్ఫై రెండో ప్రశ్నకు ఎదురుగా ఎవరూ లేకపోయినా శభాష్ అన్నారు, చప్పట్లూ పడ్డాయి. చెప్పకుండా మిగిలిపోయినవి రెండే జవాబులు, గవదబిళ్లల పిల్లవాడిదొకటి, ఎందుకమ్మదొకటి. పై కార్యాలయానికి వెళ్లిన నివేదికలో ఉత్సవం నూటికి నూరుపాళ్లు విజయవంతమైనట్టు నమోదైంది. 'ఒక విద్యార్థిని మాత్రం అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పినది. ఇటువంటివి పునరావృతం కాకుండా తగు చర్యలు తీసుకొనబడును' అని చివర ఒక వాక్యం చేర్చారు.

మొదటి బహుమతి పొందిన పొడుగు మొక్కను పెద్ద మేడం గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. అది నాలుగో రోజుకు పోయింది. దాని స్థానంలో ప్లాస్టిక్‌ది పెట్టారు. చీకటి దానికి ఇంకా బాగా పడింది.

ప్రశంసాపత్రానికి అత్తగారు దగ్గరుండి ఫ్రేము కట్టించి, ముందుగదిలో అందరికీ కనబడేలా తగిలించింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. పిల్ల తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది. ఎందుకు అనే మాట ఇంట్లో వినబడి వారమైంది. "ఇన్నాళ్లకు దీనికి బుద్ధొచ్చిందమ్మాయ్. నీ పెంపకమే" అంది అత్తగారు, పదేళ్లలో మొదటిసారి.

కిటికీలో పొట్టి మొక్క ఇంకో రెండు ఆకులు వేసింది. పిల్ల అటు చూడలేదు. ఆవిడే నీళ్లు పోసింది, చెంచాతో కొలిచి. సింకు కింద అర తలుపు ఊరికే తీసి పెట్టింది. ఆకులు పైకే ఎందుకు తిరుగుతాయో అని పిల్లకు వినబడేలా తనలో తాను అనుకుంది. ఏ గదిలోంచీ ఏ ప్రశ్నా రాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం జడ వేస్తూ ఆవిడ చేతులు ఆపేసింది. పిల్లను తనవైపు తిప్పుకుంది.

"ఎందుకే తల్లీ నాతో మాట్లాడవు?"

ఎందుకమ్మ లేచి నిలబడింది. సగం వేసిన జడ భుజం మీంచి వెనక్కి తోసుకుని, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, తల్లి తలకు జానెడు పైన ఉన్న గోడను చూస్తూ గట్టిగా చెప్పింది.

"మొక్క పెరగడానికి నీరు, గాలి, సూర్యరశ్మి కావాలి."

ఒక్క తప్పు లేదు. 'శ్మి' కూడా చక్కగా పలికింది. ముందుగదిలోంచి నాయనమ్మ చప్పట్లు కొట్టింది. గోడ అవతల పక్కింటివాళ్లకు ఏం వినబడిందో ఏమో, వాళ్లూ కొట్టారు.