ఆదివారం ఏకాగ్రత

ఆ ఆదివారానికి టైంటేబుల్ వేసుకున్న పథకం చాలా సులువైనది. టైంటేబుల్ అంటే కాగితం కాదు, బీఎస్సీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి. పళ్ళు తోముకుంటూ కూడా తరువాతి పని గురించే ఆలోచించడం వల్ల క్లాసులో ఆ పేరు స్థిరపడిపోయింది. తెల్లవారేలోగా ల్యాబ్ రికార్డు పూర్తిచేయాలి, తరువాత వృద్ధాశ్రమానికి వెళ్ళి ప్రార్థన చదవాలి, అక్కడి నుంచి కాలేజీకి పరుగెత్తి స్నేహితురాలితో సెమినార్ రిహార్సల్ చేయాలి. ఇందులో నిద్ర ఎక్కడా లేదు. అది లోపమని ఆమెకు తట్టలేదు.

వృద్ధాశ్రమానికి ఆమెను ఎవరూ పంపలేదు. మార్కులు రాని పని ఆమె జీవితంలో అదొక్కటే. ఆ ప్రార్థన గదిలో కళ్ళు మూసుకుంటే దేవుడు పక్కనే ఎక్కడో కూర్చుని వింటున్నాడనిపించేది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలంటే మాత్రం సిగ్గు.

ఆ రోజు చాప మీద కూర్చుని, ఒక పేజీ చదివి, "ఇప్పుడందరం కాసేపు కళ్ళు మూసుకుందాం" అంది. అందరికంటే ముందు తనే మూసుకుంది.

మళ్ళీ తెరిచేసరికి గది హోరెత్తిపోతోంది. పెద్దవాళ్ళందరూ ఆమె చుట్టూ చేరి గొంతు చించుకుని పాడుతున్నారు. ఒకప్పుడు బ్యాండుమేళంలో బాకా ఊదిన తాతయ్య స్టీలు పళ్ళెం కూడా వాయిస్తున్నాడు. ఎన్నడూ మూల కుర్చీ వదలని బామ్మగారు చాప మీదకు దిగి, ఎందుకో ఆమె వీపుకు వీపు ఆన్చి కూర్చున్నారు. గుమ్మంలో ఆశ్రమం మేనేజరమ్మ కళ్ళొత్తుకుంటున్నారు.

"ఎంత ఏకాగ్రత తల్లీ! చెవులు పగిలేలా పాడుతున్నా నీలో చలనం లేదు. వీళ్ళ చేత ఒక్క పాట పాడించాలని నేను మొత్తుకుంటే ఎప్పుడైనా నోరు విప్పారా? నువ్వు కళ్ళు మూసుకుంటే చాలు, గది గదంతా కదిలిపోయింది!"

నిద్రపోయానండీ అన్న మాట గొంతుదాకా వచ్చి, ఆవిడ తడి కళ్ళు చూసి వెనక్కి తిరిగిపోయింది. "అబ్బే, అదేం లేదండీ..." అని నసిగింది.

"పైగా వినయం కూడానా!" అన్నారు మేనేజరమ్మ.

ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పేసి ఉంటే అంతటితో పీడ వదిలేది. కానీ మేనేజరమ్మగారి సొంత తమ్ముడు ఆ కాలేజీలోనే వైస్ ప్రిన్సిపాల్. మర్నాడు ఆయన క్లాసులోకి వచ్చి టైంటేబుల్‌ను లేపి నిలబెట్టారు.

"చూడండర్రా! చదువూ సేవా భక్తీ, మూడూ ఒక్క మనిషిలో! మీరేమో హాజరు పలకడానికే ఆపసోపాలు పడతారు" అన్నారు. టైంటేబుల్‌కు తల కొట్టేసినట్టయింది. మెచ్చుకుంటున్నకొద్దీ తల ఇంకా కిందకు వాలింది. వాలినకొద్దీ ఆయన ఇంకా మెచ్చుకున్నారు.

స్నేహితురాలు ఆమె చెయ్యి పట్టుకుంది. "రిహార్సల్‌కి రాలేదని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నానే. ధ్యానంలో ఉన్నావని నాకేం తెలుసు? నువ్వేం కంగారుపడకు, సెమినార్ మొత్తం నేనే చూసుకుంటాలే."

ఇంట్లో అయితే అమ్మ నాన్నగారిని కసిరింది. "ఆ టీవీ కట్టేయండి, అమ్మాయి ధ్యానం చేసుకుంటోంది!" లోపల అమ్మాయి దుప్పటి ముసుగులో సిగ్గుతో చచ్చిపోతోంది. మనుషుల సంగతి సరే, దేవుడికి చూపించడానికి కూడా ఆమెకు ముఖం చెల్లలేదు. పరుగులు లేని చోటు ఒక్కటుంటే, దాన్ని కూడా తన చేతులతోనే పాడు చేసుకుంది.

వారం తిరగకుండానే కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. సభ మొదట్లో కాసేపు మౌన ధ్యానం పెట్టాలని, అది టైంటేబులే చేయించాలని వైస్ ప్రిన్సిపాల్ నిశ్చయించారు.

"సార్, నాకు ధ్యానం రాదు సార్. నిజం సార్."

"ఆ మాట అనగలిగిన వాళ్ళకే వస్తుందమ్మా" అన్నారాయన తన్మయంగా.

సభ రోజు దాకా పరీక్షలు. పడుకుంటే చదువు సాగదు, చదివితే నిద్ర ఉండదు. స్టేజి మీద మెత్తటి దిండు వేశారు. మైకు నోటి దగ్గరకు జరిపారు. లైట్లు తగ్గించారు. "అందరూ కళ్ళు మూసుకోండి" అంది టైంటేబుల్.

హాలు నిశ్శబ్దమైంది. కాసేపటికి స్పీకర్లలో లోతైన శ్వాస వినిపించింది. తరువాత అది బరువెక్కి, చివర చిన్న ఈల అందుకుంది. ముందు వరుసలోని ముఖ్య అతిథి అదేదో ప్రాణాయామం అనుకుని తానూ అలాగే చేయసాగాడు. ఆయన చేస్తున్నాడని లెక్చరర్లు చేశారు. రెండో ఈలకు స్నేహితురాలికి నవ్వాగలేదు. ఆ తరువాత హాలులో ఎవరికీ ఆగలేదు. వైస్ ప్రిన్సిపాల్ వచ్చి భుజం తడితే, "రికార్డు అయిపోయింది సార్!" అని మైకులో అరుస్తూ లేచింది.

ఆయన ఆమె వైపు చూడకుండా మైకు తీసుకున్నారు. అదే ఆమెకు అన్నిటికంటే కష్టంగా తోచింది.

మర్నాడు వృద్ధాశ్రమానికి వెళ్ళి, అందరి ముందూ తల దించుకుని నిలబడింది.

"నేను భక్తురాలిని కానండీ. ఆ రోజు మీ ముందు నిద్రపోయాను. చెప్పకుండా పొగడ్తలన్నీ పుచ్చుకున్నాను. ఇంక ఇక్కడికి రావడానికి నాకు అర్హత లేదు."

మేనేజరమ్మ నోరు తెరిచారు. మిగతావాళ్ళు మాత్రం ఒకరినొకరు చూసుకున్నారు.

"కొత్తగా చెబుతావేంటే? ఆ రోజు నీ గురక వీధిలోకి వినపడింది" అన్నారు బామ్మగారు. "అంతలో మేనేజరమ్మగారి చెప్పుల చప్పుడైంది. నీకెక్కడ చీవాట్లు పడతాయోనని, ఆ గురక కనపడకుండా... అదే, వినపడకుండా మేమంతా పాట ఎత్తుకున్నాం. పక్కకి ఒరిగిపోతుంటే నేనొచ్చి వీపు ఆన్చాను."

"పళ్ళెం చాల్లేదు, బాకా ఉంటేనా!" అన్నాడు తాతయ్య.

"అయితే భక్తి?" అన్నారు మేనేజరమ్మ నీరసంగా.

"ఎందుకు లేదు? ఈ పిల్ల మెలకువ రాకుండా హాయిగా పడుకోవాలని మనసారా మొక్కుకున్నాం" అని బామ్మగారు టైంటేబుల్ వైపు తిరిగారు. "ప్రతివారం పరుగున వస్తావు, చదువుతావు, పరుగున పోతావు. మా దగ్గర నిమ్మళంగా ఉన్నది ఆ ఒక్కరోజే."

టైంటేబుల్‌కు అప్పుడు మరింత సిగ్గేసింది. ఇది కాలేజీలో పడ్డ సిగ్గులాంటిది కాదు. ఇంతకాలం తనే వాళ్ళకు సమయం ఇస్తున్నాననుకుంది. బామ్మగారి పక్కన కూర్చుని ఏడ్చేసింది. ఆ రోజు తరువాతి పని ఏమిటో ఆమెకు గుర్తు రాలేదు.

తరువాతి ఆదివారం ఆమె రాత్రంతా నిద్రపోయి వచ్చి, కళ్ళు మూసుకుని నిజంగానే ప్రార్థించింది. ఎంతసేపటికీ గురక వినిపించకపోయేసరికి బామ్మగారు కంగారుపడి, పట్టుకుని కుదిపేశారు.